ఊదారంగు పొర

మూడో బాయిలరు గొట్టం పగిలి ఇవాళ్టికి పన్నెండు రోజులు. కథ మొదటినుంచీ వెంట వస్తున్నవాళ్లకు ఇదంతా తెలిసిందే. వాళ్లు ఈ పేరా దాటేసి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

గొట్టం పగిలిన రోజు ఆవిరి కొట్టి ఫిట్టరు కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఆ పూట బాయిలరు దగ్గర డ్యూటీలో ఉన్నది చుక్కలమ్మ తమ్ముడు. మంటను గేజి మీది గీత దాటించి గొట్టాన్ని మాడ్చేశాడని రిఫైనరీవాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టి ఇంట్లో కూర్చోమన్నారు. రేపు ఉదయం పదింటికి విచారణ. అందులో తేలేదేమీ లేదని, ఉద్యోగం తీసేసే ఉత్తరం ముందే టైపయిపోయిందని క్యాంటీనులో గ్లాసులు కడిగేవాళ్లకు కూడా తెలుసు. తమ్ముడు మాత్రం మంట గీత దాటలేదంటే దాటలేదన్నాడు. పగిలిన గొట్టానికి గాజులా అంటుకున్న నల్లటి పెచ్చు గీకి, మందుబిళ్లల డబ్బాలో వేసి, రిఫైనరీ ల్యాబులోనే పనిచేసే అక్క చేతికిచ్చాడు. ఆ పెచ్చునిండా వెనేడియం అనే లోహం ఉందని అక్క తేల్చుకుంది. దాంతో అనుమానం ముడిచమురు మీదికి పోయింది. ఓడలో వచ్చే ప్రతి లోడునుంచీ ఒక సీసా సీలువేసి ఆర్నెల్లు దాచడం ల్యాబులో రివాజు. ఆ సీసా తీసి చుక్కలమ్మ మళ్లీ పరీక్ష మొదలుపెట్టింది. పోయినవారం మనం వదిలిపెట్టేసరికి ఆమె ముందు స్టాండులో మూడు గాజు గరాటులు వేలాడుతున్నాయి.

చుక్కలమ్మ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఆసిడ్ వదిలేటప్పుడు పెదవులు కదుపుతూ చుక్కలు లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. ఆ పేరు పెట్టిందీ తమ్ముడే. మొదట్లో కోప్పడింది, తర్వాత ఊరుకుంది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనకాల ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూస్తుంది.

వెనేడియం సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ముడిచమురులో అది ఉండీ లేనట్టుంటుంది. పదిలక్షల పాళ్ల చమురులో యాభై పాళ్లలోపు ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అంతకు మించితే, చమురు శుద్ధిచేశాక అడుగున మిగిలే మడ్డిలోకి అదంతా దిగుతుంది. బాయిలరులో మండించేది ఆ మడ్డినే. మండాక బూడిద కరిగి గొట్టానికి అంటుకుని, ఇనుమును కొద్దికొద్దిగా తింటూ పోతుంది. అలాంటప్పుడు మంట గీత దాటనక్కర్లేదు, కాపలా ఉన్నవాడు నిద్రపోనక్కర్లేదు, గొట్టం దానంతటదే ఒకరోజు పగులుతుంది.

అంత కొంచెం లోహాన్ని అంత నల్లటి చమురులోంచి బయటికి లాగడమే చుక్కలమ్మ వృత్తి. ముందు చమురును కాల్చి బూడిద చెయ్యాలి. బూడిదను ఆసిడ్‌లో కరిగించి, పర్మాంగనేట్ చుక్కలు వేసి, లేత గులాబీరంగు నిలిచేదాకా ఆగాలి. తర్వాత దాన్ని కుళాయి ఉన్న గాజు గరాటులో పోసి, వెనేడియాన్ని మాత్రమే పట్టుకునే మందు కలిపిన క్లోరోఫామ్ చేర్చి బాగా కుదపాలి. కుదిపి నిలబెడితే రెండు పొరలవుతుంది. ఇనుమూ తక్కిన చెత్తా పైపొరలో ఉండిపోతాయి. వెనేడియం ఒక్కటీ అడుక్కి దిగి ఊదారంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే లోహం అంత ఎక్కువ.

మొదటి గరాటులో చమురు ల్యాబులో రోజూ చేసే పద్ధతిలో కాల్చినది. గిన్నె మూత తీసి, నిప్పంటించి, భగ్గున మండనిచ్చి నలభై నిమిషాల్లో మసి చేసేస్తారు. ల్యాబులో దానికి పొట్టిదారి అని పేరు. రెండో గరాటులోనిదీ అదే సీసాలోని చమురే, కాని పాత అచ్చుపుస్తకంలో ఉన్న పొడుగుదారిలో చేసింది. అంటే ముందే గంధకం ఉన్న ఆసిడ్ కలిపి, మంట కంటికి కనపడనంత సన్నగా పెట్టి, రోజంతా మాడబెట్టాలి. మూడో గరాటులో చమురే లేదు. ఖాళీ గిన్నెను కూడా అన్ని మెట్లూ ఎక్కించి దించుతారు. గిన్నెల్లోంచో మందుల్లోంచో లోహం చేరలేదని దాంతో రుజువవుతుంది.

ఖాళీ గిన్నె గరాటు అడుగున నీళ్లలా ఉంది. మొదటిదాని అడుగున లేత ఊదా, ఉతికి ఉతికి వెలిసిన జాకెట్టు రంగు. రెండోది వంకాయ తొక్కంత చిక్కగా ఉంది.

చుక్కలమ్మ మూడింటినుంచీ కాస్త కాస్త తీసి రంగు కొలిచే యంత్రంలో పెట్టి చూసింది. పొట్టిదారిలో నలభై ఒకటి. పొడుగుదారిలో నూట ముప్పయ్యేడు. ఒకటికి రెండుసార్లు చూసి, చీటీ మీద రాసుకుంది. తమ్ముడు నిజమే చెప్పాడన్న సంతోషం ముందుగా వచ్చింది. ఆ వెనకే భయం వచ్చింది. ఈ కొత్త చమురు రావడం మొదలై అయిదు నెలలు. ఏడు లోడ్లు వచ్చాయి. ఏడింటికీ యాభైలోపేనని సర్టిఫికెట్టు ఇచ్చింది తనే.

కాని ఆ పొట్టిదారి వేసింది తను కాదు. మేనమామ. నాన్న పోయాక అక్కాతమ్ముళ్లిద్దరినీ తన ఇంట్లో పెట్టుకుని చదివించింది ఆయనే. ముప్పయ్యేళ్లు ఆ ల్యాబును ఏలి, కిందటేడు దిగిపోయిన పెద్దాయన ఆయనే. ఆయన పేరుతో ఆ పద్ధతి చట్రం కట్టి గోడకు వేలాడుతోంది. చుక్కలమ్మ మధ్యాహ్నం పూట సెలవు చీటీ రాసిచ్చి, లెక్కల చీటీ పర్సులో పెట్టుకుని బయల్దేరింది. దారిపొడుగునా ఒకటే మాట నూరుకుంది. తను చెప్పినట్టు చేసింది, తప్పుంటే చెప్పినవాళ్లది. సైకిలు షాపు దాటేదాకా ఆ మాట గట్టిగానే ఉంది. మామయ్య ఉండే మేడ మూడో అంతస్తు ఎక్కేసరికి కొంచెం ఆయాసపడింది.

మామయ్య రిటైరయ్యాక ల్యాబు ఇంటికొచ్చింది. ఉప్పుడబ్బా మీద తెరిచిన తేదీ, కొబ్బరినూనె సీసా మీద నింపిన తేదీ, అగ్గిపెట్టె మీద కూడా చీటీ. టీలో పాలు కొలిచి పోస్తాడు. ఈ ఇంట్లో చీటీ అంటించకుండా వదిలింది తననొక్కదాన్నేనని, అదీ తేదీ గుర్తులేకేనని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఇవాళా చెప్పింది. చుక్కలమ్మ నవ్వకపోయేసరికి ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చుక్కలమ్మ చీటీ తీసి టేబులు మీద పెట్టింది. మామయ్య కళ్లజోడు తుడుచుకుని మూడంకెలూ చదివాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ముప్పయ్యేళ్లనుంచి అడుగుతున్నదే.

"ఖాళీ గిన్నెకి ఎంతొచ్చింది?"

"ఏమీ రాలేదు మావయ్యా. నీళ్లలా ఉంది."

"అయితే ఇది నిజమే."

ఆ మాట అనేసి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. వాదించలేదు, గిన్నె సరిగ్గా కడిగావా అని కూడా అడగలేదు. వాదిస్తే బాగుండునని చుక్కలమ్మకు అనిపించింది. తెచ్చుకున్న కోపం ఎక్కడ దింపాలో తెలియక చేతుల్లోనే ఉండిపోయింది.

ఆయనే చెప్పుకొచ్చాడు. ఎనిమిదేళ్ల కిందట ఓడలు జెట్టీ దగ్గర ఆగిపోతున్నాయని, ఒక్క అంకె కోసం రెండ్రోజులు మీనమేషాలు లెక్కపెడుతున్నారని పైవాళ్లు గోల పెట్టారు. అప్పుడాయన పదకొండు శాంపిళ్లు తీసుకుని రెండుదారుల్లోనూ చేసి చూశాడు. పదకొండింటికీ అంకెలు కలిశాయి. అప్పట్లో వచ్చే చమురులో లోహం బరువైన జిగురును పట్టుకుని ఉండేది. ఎంత మండించినా బూడిదలోనే మిగిలేది. కొన్ని చమురుల్లో అలా కాదు. వేడి తగలగానే ఆవిరై లేస్తుంది. మూత తీసి మండిస్తే పొగతోపాటు కిటికీలోంచి వెళ్లిపోతుంది. గంధకం ఆసిడ్ ముందే కలిపితే అది ఉప్పులా మారి గిన్నెలో కూర్చుంటుంది. పొడుగుదారి పెట్టిందే అందుకు.

అంటే అయిదు నెలలుగా తను లోహాన్ని చూస్తూ చూస్తూ పొగలో వదిలేసి, మిగిలినదాన్ని నాలుగో దశాంశం దాకా కొలిచిందన్నమాట. చుక్కలమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మీ పొట్టిదారివల్ల వాడి ఉద్యోగం పోతోంది మావయ్యా," అంది. "ఫిట్టరు చెయ్యి పోయినంత పనైంది. మీకు తెలిసి కూడా ఎక్కడా రాయలేదు."

మామయ్య కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"రాశాను కదమ్మాయ్. రిజిస్టర్లో, ఆ పద్ధతి పక్కనే. 'పాత చమురుకు మాత్రమే. చమురు మారితే పొడుగుదారి' అని."

"కొత్త రిజిస్టర్లో లేదు."

"కొత్తది నువ్వే ఎక్కించావు కదా."

నిజమే. రెండేళ్ల కిందట తనిఖీవాళ్లు వస్తున్నారని, పాత రిజిస్టరు మరకలతో చదవడానికి లేదని, చుక్కలమ్మ వారం రోజులు కూర్చుని మొత్తం కొత్తదాంట్లోకి ఎక్కించింది. అక్షరం పొల్లు పోలేదని మామయ్యే మెచ్చుకున్నాడు. అప్పటికి వెనేడియం గిన్నె ఆయన తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఆమె నీళ్ల పరీక్షల బల్ల దగ్గర ఉండేది. అందుకే ఆ పేజీ ఆమెకు మిగతా పేజీల్లాంటిదే. ఇప్పుడు ఎంత తలచుకున్నా అలాంటి వాక్యం చదివినట్టు గుర్తు రాలేదు. చివరికి ఒక్క మాట అడిగింది.

"దేంతో రాశారు?"

మామయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. టీకప్పులతో వచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"పెన్సిలుతో," అన్నాడు.

పెన్సిలు సంగతి ఆ ల్యాబులో అడుగుపెట్టిన ప్రతివాళ్లకూ మొదటిరోజే చెబుతారు. రిజిస్టర్లో ఉండేది సిరా రాత మాత్రమే. పెన్సిలుతో ఉన్నది లేనట్టే. దాన్ని నమ్మకూడదు, చూపకూడదు, ఎక్కించకూడదు. ఆ నియమం పెట్టిందీ ఆయనే. ఒకసారి చుక్కలమ్మ పెన్సిలుతో అంకె వేస్తే ఆ పేజీ అంతా మళ్లీ చేయించాడు. అలాంటి మనిషి తనే పెన్సిలు ఎందుకు పట్టాడంటే, పదకొండు శాంపిళ్లు చాలవనిపించింది. వేరే చమురు ఒక్కటైనా దొరికితే, పన్నెండోది చేసి చూసి అప్పుడు సిరాతో రాద్దామనుకున్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ వేరే చమురు రాలేదు. ఆయన దిగిపోయాక వచ్చింది.

తప్పు సగం సగం పంచుకోవడానికి కూడా వీలుగా లేదని చుక్కలమ్మ అనుకుంది. జాగ్రత్తకు పోయి ఆయన పెన్సిలు పట్టాడు, జాగ్రత్తకు పోయి తను వదిలేసింది. ఇద్దరిలో ఒక్కరైనా కాస్త అశ్రద్ధగా ఉండి ఉంటే గొట్టం పగిలేది కాదు.

మామయ్య టీ తాగడం పూర్తిచేసి, కప్పు టేబులు అంచుకు జరిపి, మామూలు గొంతుతోనే ఆ మాట చెప్పాడు.

"రేపు విచారణకి నేనొస్తాను తల్లీ. దారి నాది, తప్పూ నాదే అంటాను. హెచ్చరిక రాయడం మర్చిపోయానని చెబుతాను. పాత రిజిస్టరు నా కళ్లముందే తుక్కు లారీ ఎక్కింది. అందులో ఏముందో నీకూ నాకూ తప్ప తెలీదు. వాడి ఉద్యోగం వాడికొస్తుంది. నీది నీకుంటుంది."

"మరి మీకు?"

"నాకేం, చట్రం దింపేస్తారు. గోడకి మేకొకటి మిగులుతుంది."

అత్తయ్య ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అక్కడ కుళాయి తిప్పి చాలాసేపు నీళ్లు వదిలేసింది. ఆ రెండు కప్పులకు అన్ని నీళ్లు అక్కర్లేదు. చుక్కలమ్మ వద్దనలేదు, సరేననలేదు. మెట్లు దిగుతుంటే ఒంటిమీంచి బరువు దిగినట్టయింది. అలా అయినందుకు సిగ్గేసింది, సిగ్గేసినా బరువు మళ్లీ ఎక్కలేదు.

కింద గేటు దగ్గర తమ్ముడు స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. ఆస్పత్రినుంచి వస్తున్నాడు. ఫిట్టరు చేతికి కట్టు మార్చారట, వేళ్లు కదులుతున్నాయట. అక్క మొహం చూసి ఏం తేలిందని అడిగాడు. నీ తప్పేమీ లేదని తేలిందని చెప్పింది. పన్నెండు రోజుల తర్వాత ఆ మాట విన్నవాడు ఎగిరి గంతేస్తాడనుకుంది. వాడు స్కూటరు హ్యాండిలు పట్టుకుని తల దించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాక గాని తల ఎత్తలేదు.

"మరి ఎవరిది?" అన్నాడు.

"రేపు తెలుస్తుంది."

"తెలియాలక్కా. వాడి వేళ్లు కదుల్తున్నాయి గాని స్పానరు పట్టుకోలేడంట. సర్టిఫికెట్టు మీద చూడకుండా సంతకం పెట్టినోణ్ణి మటుకు నేనొదల్ను."

చుక్కలమ్మ ల్యాబు దగ్గర దింపమంది. దారంతా వాడు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె వాడి చొక్కా వీపు మీద ఒక దారప్పోగు ఊడటం చూస్తూ కూర్చుంది. సర్టిఫికెట్లు ఎవరు రాస్తారో వాడికి తెలియక కాదు. అక్క సంతకం అందులో ఉండొచ్చని వాడికి తట్టలేదు.

ల్యాబుకి చేరేసరికి నాలుగు దాటింది. తక్కినవాళ్లు బయటి ట్యాంకుల దగ్గరికి వెళ్లారు. గరాటులు ఇంకా స్టాండులోనే ఉన్నాయి. వాటిని ఖాళీ చేసి, కడిగి, సీసాకు మళ్లీ సీలువేసి వెళ్లాలి. పొద్దున ఎక్కడ వదిలిందో అక్కడినుంచే మొదలుపెట్టింది. చిక్కటి ఊదా పొరను చిన్న సీసాలోకి వదిలి మూత బిగించింది. రేపు విచారణలో చూపించాల్సింది అదే. గరాటులు దించి, బల్ల తుడుద్దామని స్టాండును పక్కకు జరిపింది.

స్టాండు కింద ఎత్తు కోసం పెట్టిన కట్ట ఉంది. రెండు పొరల మధ్య గీత కంటికి సమానంగా ఉంటేనే కుళాయి సరైన చోట కట్టేయగలరు. చుక్కలమ్మ మనిషి పొడగరి, స్టాండేమో పొట్టిది. అందుకని ఎప్పుడో ఏవో పాత పుస్తకాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి, పురికొస కట్టి, కింద పెట్టింది. ఆ కట్ట మీద రోజూ చెయ్యి ఆన్చుతుంది, తుడుస్తుంది. అందులో ఏముందో మాత్రం ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఆలోచించింది. తుక్కు లారీ వచ్చిన రోజు గుర్తొచ్చింది. రెండు లావుపాటి పుస్తకాలు ఎత్తుకు సరిగ్గా సరిపోతాయని గుట్టలోంచి పక్కకు తీసింది తనే. ఒకటి పాత సామాన్ల జాబితా. రెండోదాని అట్ట నీలంరంగు.

పురికొస విప్పడానికి కత్తెర వెతికింది. కవరు చీల్చింది. నీలం అట్ట మీద మామయ్య గుండ్రటి దస్తూరి. కొత్తదాంట్లో ఉన్న నెంబరు ప్రకారమే నూట పద్నాలుగో పేజీ తిప్పింది.

పొట్టిదారి ఉంది. పక్కన అంచు ఖాళీలో, చిన్నగా, సన్నటి పెన్సిలు రాత. 'పాత చమురుకు మాత్రమే. చమురు మారితే పొడుగుదారి.' మామయ్య అబద్ధమాడలేదు.

దాని పక్కన ఇంకొకటి ఉంది. నీలం సిరాతో టిక్కు. టిక్కు కింద రెండు పొడి అక్షరాలు, తేదీ. ఏ వాక్యం చదివినా చదివినట్టు పక్కన సంతకం పెట్టాలన్నది ఆ ల్యాబు ఇంకో నియమం. అక్షరాలు తనవే. తేదీ రెండేళ్ల కిందటిది.

అంటే చదివింది. చదివి, చదివానని సిరాతో రాసి, పెన్సిలు కాబట్టి వదిలేసి, మర్చిపోయింది. చుక్కలు లెక్కపెట్టి పనిచేసే తను దీన్ని మర్చిపోయింది. ఇవాళ పొద్దున చిక్కటి ఊదా పొర తేలినప్పుడు కూడా ఆ గరాటు నిలబడి ఉన్నది ఈ పేజీ మీదే.

సొరుగులో రబ్బరు ఉంది. పెన్సిలు రాత రెండు రుద్దులకు పోతుంది. సిరా టిక్కు పోదు. ఖాళీ అంచు పక్కన టిక్కు, సంతకం, తేదీ మిగిలిపోతాయి. పేజీ చింపడానికీ లేదు. పేజీలన్నిటికీ నెంబర్లు వేయించింది మామయ్యే. చుక్కలమ్మ సొరుగు తెరిచింది. రబ్బరు చూసింది. మూసేసింది. మళ్లీ తెరవబోతుండగా తలుపు చప్పుడైంది.

మేనేజరు వచ్చాడు. ఎప్పుడూ మనిషిని పంపించేవాడు ఇవాళ తనే వచ్చాడు. చేతిలో విచారణ ఫైలు. బల్ల అవతల నిలబడి, స్టాండులేని ఖాళీ బల్లనీ, చిరిగిన ప్లాస్టిక్ కవరునీ చూశాడు గాని వాటి గురించి ఏమీ అడగలేదు.

"పెద్దాయన ఇప్పుడే ఫోన్ చేశాడమ్మా," అన్నాడు. "తప్పంతా తనదేనంటున్నాడు. హెచ్చరిక రాయనేలేదట. రాసి ఉంటే నువ్వు చూసేదానివే కదా. పాత రిజిస్టరు చూద్దామంటే అది తుక్కులోకి పోయిందంటున్నాడు. నిజమేనా?"

రిజిస్టరు చుక్కలమ్మ చేతుల్లో తెరిచే ఉంది. ఆమె కుడి బొటనవేలు తన పొడి అక్షరాల మీద ఉంది. అక్కడినుంచి దాన్ని తీయాలో, అలాగే ఉంచాలో ఆమె ఇంకా అనుకోలేదు.